ఫిరౌన్ హమ్మాం, ఉదయగిరి కొండ

వేడినీటి బుగ్గ ఎక్కడుంటే అక్కడ ఒక పెద్ద పేరు ఉంటుంది. చల్లటి ఊటకు పక్కనున్న మర్రిచెట్టు పేరు చాలు, పల్లె పేరు చాలు. నేలలోంచి పొగలు కక్కుతూ నీళ్ళొస్తే మాత్రం మనిషికి ఒక నబీయో, ఒక దేవుడో, ఒక జాలిమ్ బాద్‌షాయో కావాలి. 1047లో ఫార్సీ ముసాఫిర్ నాసిర్ ఖుస్రో తబరియా సరస్సు దగ్గరికి వెళితే అక్కడి వేడినీళ్ళ హమ్మాం సులైమాన్ అలైహిస్సలాం కట్టించిందని జనం చెప్పారు. కరాచీ పక్కన మంఘోపీర్ లో గంధకం వాసన కొట్టే గోరువెచ్చని నీళ్ళు ఒక వలీ కరామత్ అంటారు. అక్కడి మొసళ్ళకు కూడా ఆయన బర్కత్ లో వాటా ఉంది. మన భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఇసుక తవ్వితే వేడినీళ్ళు ఊరతాయి. చలికాలంలో త్రిమూర్తులు అక్కడ స్నానం చేసేవాళ్ళని ఊళ్ళో చెప్పుకుంటారు. మజ్‌హబ్ ఏదైనా వేడినీళ్ళ దగ్గర మనిషి తబియత్ ఒక్కటే.

ఈ వరసలో అన్నిటికంటే భయంకరమైన పేరు ఈజిప్టులో ఉంది. సీనా ద్వీపకల్పం పడమటి ఒడ్డున, సూయెజ్ ఊరికి దక్షిణంగా వంద కిలోమీటర్ల పైచిలుకు పోతే, సముద్రంలోకి కాలు చాపినట్టు ఒక సున్నపురాయి కొండ ఉంటుంది. దాని పాదాల దగ్గర ఒడ్డు పొడవునా వేడినీళ్ళు ఊరి సముద్రంలో కలుస్తుంటాయి. పేరు హమ్మాం ఫిరౌన్. మూసా అలైహిస్సలాంను తరుముకుంటూ వచ్చిన ఫిరౌన్ ఇక్కడే మునిగాడనీ, అతని మీది అజాబ్ ఇంకా చల్లారలేదు కాబట్టే నీళ్ళు ఇలా సలసలలాడుతున్నాయనీ బద్దూల రివాయత్.

మా నెల్లూరు జిల్లా పడమటి పక్క వాళ్ళం, ఉదయగిరి, ఆత్మకూరు, ఏ.ఎస్.పేట నుంచి కలిసి వెళ్ళిన ఒక చిన్న కాఫిలా, ఉమ్రా ముగించుకుని కైరోలో నాలుగు రోజులు ఉన్నాం. అందులో ఒక రోజు సీనా జియారత్. ఫజర్ చదువుకుని బస్సెక్కితే ఇషాకు మళ్ళీ హోటల్. గైడు కుర్రవాడు మిస్రీ. ఇంగ్లీషు బాగా మాట్లాడతాడు, ఉర్దూ నాలుగు ముక్కలు వచ్చు. అతను చెప్పింది నేను ఉర్దూలోకి తిప్పడం, వెనక సీట్లలో ఆత్మకూరు భాయ్ దాన్ని తెలుగులోకి తిప్పి మసాలా చేర్చడం. మొదటి గంటలోనే ఫిరౌన్ లష్కర్ సంఖ్య మూడింతలైంది.

సూయెజ్ కాలువ కింద సొరంగంలోంచి పోయాం. 1973 జంగ్ లో షహీదైన ఇంజనీరు అహ్మద్ హమ్దీ పేరు పెట్టారు దానికి. ఆఫ్రికాలో దిగి ఆసియాలో తేలతాం. కాస్త దూరంలోనే ఉయూన్ మూసా. మూసా అలైహిస్సలాం అసా కొడితే రాతిలోంచి పన్నెండు చష్మాలు పుట్టిన చోటు ఇదేనంటారు. ఖర్జూరపు చెట్లు, చుట్టూ గట్టు కట్టిన బావులు, పూసల దండలమ్మే బద్దూ ఆడవాళ్ళు. చాలా బావులు ఇసుకతో పూడిపోయాయి. పక్కనే ఇజ్రాయిల్ ఫౌజు 1967 తర్వాత కట్టుకున్న ఫిరంగుల మోర్చా ఉంది, 1973లో మిస్ర్ వాళ్ళు స్వాధీనం చేసుకున్నది. మా వాళ్ళలో ఎవరూ దాని వైపు చూడలేదు. మూడు వేల ఏళ్ళ కిందటి జంగ్ చూడటానికి వచ్చినవాళ్ళకు యాభై ఏళ్ళ కిందటి జంగ్ ఆనలేదు.

హమ్మాం ఫిరౌన్ చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. బస్సు తలుపు తీయగానే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. అదే గంధకం. ఎడమ పక్క దాదాపు అయిదొందల మీటర్ల కొండ నిటారుగా లేస్తుంది, కుడి పక్క నీలపు సముద్రం, నడుమ సన్నటి ఒడ్డు. రాళ్ళ సందుల్లోంచి సన్నటి కాలువలుగా వేడినీళ్ళు. మూలంలో డెబ్బై డిగ్రీల దాకా ఉంటాయి, చెయ్యి పెట్టలేం. సముద్రంలో కలిసే చోట కెరటం వచ్చినప్పుడు చల్లగా, వెనక్కి పోయినప్పుడు వేడిగా పాదాలకు తగులుతుంది. కొండలో ఒక గుహ ఉంది. వంగి పాక్కుంటూ పోతే లోపల ఆవిరి, కీళ్ళనొప్పుల వాళ్ళు అందులో కూర్చుంటారు. అయిదు నిమిషాలు కూర్చోలేక నేను బయటికొచ్చాను.

అసలు గొడవ నీళ్ళ దగ్గర మొదలైంది. మా కాఫిలాకు అమీరుగా వచ్చిన హజ్రత్ ఆలిం. ఆయన ఒడ్డుకు పది అడుగుల దూరంలోనే ఆగిపోయి, "ఇది అజాబ్ దిగిన జాగా. ఇక్కడి నీళ్ళలో స్నానం, ఉజూ మంచిది కాదు. ఇస్తిగ్ఫార్ చదువుకుని త్వరగా పోదాం" అన్నారు. ఆయన మాటకు బునియాద్ లేకపోలేదు. హిజ్రీ 9లో తబూక్ కు పోతూ సమూద్ ఖౌమ్ నాశనమైన హిజ్ర్ లోయ మీదుగా వెళ్ళినప్పుడు రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం సహాబాను ఆ బావుల నీళ్ళు తాగొద్దన్నారు. కలిపిన పిండిని కూడా ఒంటెలకు వేయించారు. సాలిహ్ అలైహిస్సలాం ఒంటె తాగిన బావి నుంచి మాత్రం తోడుకోమన్నారు. బుఖారీ షరీఫ్ లో ఉన్న మాట. దాన్ని దాటి ఎవరు పోతారు?

కానీ ఉదయగిరి ఖాలా ఉంది. అరవై దాటిన మనిషి. ముప్పై ఏళ్ళుగా కొయ్య స్పూన్లు నున్నగా రుద్దిన చేతులు ఆమెవి. ఉదయగిరి కొయ్య గరిటెలు, స్పూన్లు, ఫోర్కులకు 2015లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, దుర్గం అడవిలో దొరికే నర్ది, కల్ది, బిక్కి, దేవదారి కొయ్యతో చేస్తారు, ఆ పని. నేల మీద మఠం వేసుకుని కూర్చుని, కూర్చుని మోకాళ్ళు పోయాయి. మక్కాలో సయీ చక్రాల కుర్చీలో చేసింది. ఈ వేడినీళ్ళు మోకాళ్ళకు మంచివని గైడు బస్సులో చెప్పినప్పటి నుంచి ఆమె కళ్ళలో ఒకటే ఆశ. ఇప్పుడు ఒడ్డున నిలబడి హజ్రత్ వైపూ నీళ్ళ వైపూ మార్చి మార్చి చూస్తోంది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు తారీఖ్ చదువుకున్నావు కదా బేటా. నిజంగా ఇక్కడేనా?"

తారీఖ్ చదివినవాణ్ణి ఇంత సూటిగా ఎవరూ అడగరు. ఆమె మోకాళ్ళు ఇప్పుడు నా జవాబు మీద ఆధారపడి ఉన్నాయి. సభల్లో లాగా అటూ ఇటూ కాకుండా మాట్లాడి తప్పించుకునే వీల్లేదు.

తెలిసింది చెప్పాను. ఫిరౌన్ మునిగిన వాకియా ఖురాన్ షరీఫ్ లో యూనుస్, తాహా, షుఅరా, ఇంకా ఎన్నో సూరాల్లో వస్తుంది. సముద్రం చీలడం, బనీ ఇస్రాయీల్ దాటడం, లష్కర్ మునగడం అన్నీ ఉన్నాయి. ఏ ఒడ్డు, ఏ రేవు అన్నది లేదు. ఫిరౌన్ అసలు పేరు కూడా లేదు. ఫిరౌన్ అన్నది పేరు కాదు, లఖబ్. మిస్రీల పాత జబాన్ లో పెద్ద ఇల్లు అని అర్థం, మన వాళ్ళు 'దివాణం' అన్నట్టు. జాగా పేర్లు అన్నీ తర్వాత జనం పెట్టినవి. మధ్యయుగపు అరబ్బు జుగ్రాఫియా రచయితలు ఈ చుట్టుపక్కలే ఉన్న ఘరందల్ దగ్గరి సముద్రాన్ని ఫిరౌన్ మునిగిన చోటుగా రాశారు. అక్కడ గాలి సుడి తిరిగి పడవలు మునిగేవి. ఆ సుడిని మల్లాహులు ఫిరౌన్ రూహ్ అనుకున్నారు. 1762లో డెన్మార్క్ బాద్‌షా పంపిన జమాత్ లోని నీబూర్ సూయెజ్ నుంచి సీనా కొండకు ఈ తీరం మీదుగానే పోయాడు. ఆ సఫర్ లో పోయినవాళ్ళందరిలో ప్రాణాలతో ఇంటికి చేరింది ఆయనొక్కడే. ఆయన తర్వాత వచ్చిన ఫిరంగీ పండితులు ఒకరు సూయెజ్ దగ్గరే దాటారన్నారు, ఒకరు ఉత్తరాన ఉప్పు సరస్సుల దగ్గరన్నారు, ఇంకొకరు సీనాకు అవతలి పక్కన అఖబా గల్ఫ్ లో నువైబా దగ్గరన్నారు. సుబూత్ ఎవరి దగ్గరా లేదు.

మరి నీళ్ళు ఎందుకు కాగుతున్నాయి? ఆఫ్రికా నుంచి అరబ్బు నేల విడిపోవడం రెండున్నర కోట్ల ఏళ్ళ కిందట మొదలైంది. ఆ చీలికే ఈ సూయెజ్ గల్ఫ్. మేం నిలబడ్డ చోట నిటారుగా లేచిన కొండ ముఖం అసలు పగులు ముఖమే. ఒక పక్క నేల లేచింది, ఒక పక్క కుంగింది. వాన నీళ్ళు, సముద్రపు నీళ్ళు పగుళ్ళ వెంట లోతుకు దిగుతాయి. భూమిలో ప్రతి కిలోమీటరు లోతుకూ పాతిక ముప్పై డిగ్రీలు వేడి పెరుగుతుంది. అలా కాగిన నీళ్ళు అదే పగులు వెంట పైకి తన్నుకొస్తాయి. అగ్నిపర్వతం అక్కర్లేదు. మన గోదావరి లోయలో జరిగేదీ ఇదే. బొగ్గు కోసం బోర్లు వేసిన మణుగూరు పక్కన పగిడేరులో వేడినీళ్ళు ఎగదన్నితే సింగరేణి వాళ్ళు దాంతో 20 కిలోవాట్ల కరెంటు తీసే ప్రయోగ ప్లాంటు పెట్టారు. మా వెలికొండల్లో పెంచలకోన చూసినా, భైరవకోన చూసినా చన్నీళ్ళే.

ఇదంతా ఖాలాకు ఇంత పొడుగ్గా చెప్పలేదు. "ఇక్కడేనని ఖురాన్ లోనూ లేదు, తారీఖ్ లోనూ లేదు ఖాలా. జనం మాట" అన్నాను. హజ్రత్ వింటూనే ఉన్నారు. ఆయనకు కోపం వస్తుందేమో అనుకున్నాను గానీ రాలేదు. "జాగా మీద యకీన్ లేనప్పుడు మనా చెయ్యడానికి నాకూ హఖ్ లేదు. నేనైతే దిగను, ఎహతియాత్ మంచిది. మీ ఇష్టం" అన్నారు. ఇంత ఇన్సాఫ్ గల జవాబు యూనివర్సిటీ సెమినార్లలో నేను వినలేదు.

ఖాలా మాత్రం మా ఇద్దరి మాటా పూర్తిగా తీసుకోలేదు. "జనం మాటే అయినా, ఫిరౌన్ మునిగిన చోటే కదా మూసా అలైహిస్సలాం బతికి బయటపడ్డ చోటు" అంది. ఇది అజాబ్ జాగా అయితే నజాత్ జాగా కూడా అని ఆమె మతలబ్. ముహర్రం పదో రోజు రోజా ఆ నజాత్ కు షుక్రానాగా మొదలైందే కదా. ఆ రోజే మా ఊళ్ళలో పీర్లు లేస్తాయి, కర్బలా దుఃఖంలో దీన్ని మరిచిపోతాం. ఆమె బురఖా అంచు పైకి పట్టుకుని, కెరటం తగిలే రాయి మీద కూర్చుని, రెండు కాళ్ళూ మోకాళ్ళ దాకా నీళ్ళలో పెట్టి, బిస్మిల్లా అని కళ్ళు మూసుకుంది. ఆమె వెనకే మిగతా ఆడవాళ్ళు. ఆత్మకూరు భాయ్ గుహలో దూరి ఉడికి ఎర్రగా తిరిగొచ్చాడు.

కైరోలో మమ్మీల మ్యూజియం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే బస్సులో అందరి నోటా అదే. యూనుస్ సూరాలో ఫిరౌన్ బదన్ ను రాబోయే వాళ్ళకు నిషానీగా మిగులుస్తామన్న ఆయత్ ఉంది. 1976లో ఫ్రెంచి డాక్టరు మోరిస్ బుకాయ్ తన కితాబ్ లో ఆ ఫిరౌన్ మెర్నెప్తా అని వాదించాడు. మన దగ్గర ఉర్దూలో, తెలుగులో తిరిగే కరపత్రాలన్నిటికీ మూలం అదే. నడుమ రామ్సెస్ పేరూ కలిసిపోయింది. రెండో రామ్సెస్ మమ్మీని 1976లోనే బూజు పడుతోందని మరమ్మతుకు పారిస్ తీసుకెళ్ళారు. ఒంటి మీద ఉప్పు దొరికింది కాబట్టి సముద్రంలో మునిగాడన్నది జనానికి బాగా నచ్చిన దలీల్. కానీ మిస్రీలు మయ్యత్ ను నేట్రాన్ అనే ఉప్పులో ఎండబెట్టే మమ్మీ చేసేవాళ్ళు. ఉప్పు లేని మమ్మీ ఎక్కడిది? పైగా మెర్నెప్తా తన అయిదో ఏట వేయించిన శాసనం 1896లో దొరికింది. అందులో ఇస్రాయీల్ అనే ఖౌమ్ ను ఫలస్తీన్ వైపు ఓడించానని చెప్పుకున్నాడు. అతను బతికుండగానే వాళ్ళు అక్కడున్నారన్న మాట. ఆయత్ మీద నాకు ఈమాన్ ఉంది. దానికి ఫలానా గాజుపెట్టెలోని ఫలానా శవాన్ని అంటగట్టడం మీద లేదు. రేపు ఆ శవం వేరే వాడిదని తేలితే మన పిల్లలు దేన్ని వదులుకోవాలి?

తిరుగు ప్రయాణంలో చీకటి పడ్డాక నేనొక ప్రశ్న వేశాను. మన ఉదయగిరి కొండ మీది మసీదు ఎవరు కట్టారు? ఒకరు ఔరంగజేబు అన్నారు. ఒకరు టిప్పు అన్నారు. జిన్నాతులు ఒక్క రాత్రిలో కట్టారని ఒకాయన. ఫిరౌన్ గురించి అంత తెలిసిన కాఫిలాలో సొంత కొండ గురించి ఒక్కరికీ తెలియదు. ఇందులో జనం తప్పు లేదు, వాళ్ళకు చెప్పిన వాళ్ళు లేరు. హమ్మాం ఫిరౌన్ లో కథ ఉంది, రాయి లేదు. ఉదయగిరిలో రాయి ఉంది, కథ లేదు. ఆ కొండ మీది ఫార్సీ కతబాలు గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షా జమానాలో షేక్ హుసేన్ అనే సర్దార్ మసీదు కట్టించి, బాగ్ వేయించాడని చెబుతున్నాయి. ఫార్సీ చదవగలిగే వాళ్ళు పోయారు, కతబా మిగిలింది.

3,079 అడుగుల ఆ కొండ తారీఖ్ చిన్నది కాదు. పైన ఎనిమిది, కింద అయిదు, మొత్తం పదమూడు కోటలు. కొన్ని చోట్ల వెయ్యి అడుగుల దాకా నిటారు కొండచరియలే గోడలు. గజపతుల చేతుల్లోంచి దాన్ని లాక్కోవడానికి కృష్ణదేవరాయలకు ఏడాదిన్నర ముట్టడి పట్టింది. 1514లో పడింది. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్ళి గుడి కట్టించాడు. తర్వాత గోల్కొండ, ఆ తర్వాత ఆర్కాట్ నవాబు. ఆయన ముస్తఫా అలీ ఖాన్ కు ఉదయగిరిని జాగీరుగా ఇచ్చాడు.

ఆ జాగీరు ఎలా పోయిందో చెబితే బస్సులో నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి కూర్చున్నారు. 1839లో కంపెనీ సర్కారుకు దక్కన్ అంతటా ఒక బగావత్ సాజిష్ వాసన తగిలింది. హైదరాబాదులో నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలా, కర్నూలులో నవాబు గులాం రసూల్ ఖాన్, మా ఉదయగిరిలో జాగీర్దార్ అబ్బాస్ అలీ ఖాన్. వహాబీ సాజిష్ అని కంపెనీ కాగితాల్లో రాసుకున్నది అదే. ముబారిజుద్దౌలా గోల్కొండ కోటలో ఖైదీగా 1854లో చనిపోయాడు. గులాం రసూల్ ఖాన్ ను తిరుచిరాపల్లి పంపారు, 1840లో అక్కడే హత్యకు గురయ్యాడు. ఉదయగిరి జాగీరు జప్తు చేసి అబ్బాస్ అలీ ఖాన్ ను చెంగల్పట్టు తరలించారు. 1857 కంటే పద్దెనిమిదేళ్ళ ముందు. ఇందులో నిజంగా జిహాద్ తయారీ ఎంత, రాజ్యాలు మింగడానికి కంపెనీ వెతుక్కున్న బహానా ఎంత అన్నది వేరే బహస్. కర్నూలు కోటలో దొరికిన ఫిరంగులు, మందుగుండు మాత్రం బహానా కాదు.

"మన ఉదయగిరి వాడా?" అని ఖాలా రెండుసార్లు అడిగింది. ఆమె రోజూ నడిచే వీధుల మీద హుకుం నడిపిన మనిషి. ఆమె చిన్నప్పుడు మాట వరసకైనా ఆ పేరు వినలేదు. ఏ.ఎస్.పేటలో ఖ్వాజా రహ్మతుల్లా నాయబ్ రసూల్ సాహెబ్ దర్గాకు ఏటా సందల్ కు పోయేవాళ్ళందరికీ ఆ హజ్రత్ జీవితం కంఠతా వచ్చు. మజార్ ఉన్నవాళ్ళ తారీఖ్ బతుకుతుంది. జాగీరు పోయినవాడిది దఫ్తర్ కాగితాల్లో పడి ఉంటుంది.

ఊరికొచ్చాక ఆత్మకూరు భాయ్ రెండుసార్లు ఫోన్ చేశాడు. జీపు మాట్లాడతానన్నాడు, కొండెక్కి కతబాల ఫోటోలు తీసుకుని, నెల్లూరులో ఫార్సీ వచ్చిన ఒక పెద్దాయన చేత చదివించి, తెలుగులో రాసి మసీదులో పెడదామంటున్నాడు. హజ్రత్ కూడా వస్తానన్నారు. జీపు కొండ కింది దాకే పోతుంది, అక్కణ్ణుంచి ముళ్ళకంపలో నడకే. ఖాలా ఎక్కలేదు. హమ్మాం ఫిరౌన్ నీళ్ళు మోకాళ్ళకు నాలుగు రోజులు హాయిగా ఉంచాయట, తర్వాత మామూలే. రబీవుల్ అవ్వల్ సందల్ అయిపోయిన వారం పోదామని ఖాయం చేశాం. ఫజర్ కాగానే ఎక్కడం మొదలుపెట్టాలి, ఎండెక్కితే ఆ రాళ్ళ మీద చెయ్యి ఆనించలేం.